ఆటిజం ఉన్న మా 22 ఏళ్ళ అబ్బాయిని బట్టల షాపులో చేరిన 20 రోజులకే పనిలోంచి పంపేశారు. మళ్ళీ ట్రైనింగ్ ఇప్పించాలా, గవర్నమెంటు ఉద్యోగానికి ప్రయత్నించాలా? కొత్త చోట ఆటిజం అని చెప్పాలా వద్దా?

మీ ప్రశ్న చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. ఆరేళ్ళ కిందట సికింద్రాబాద్‌లో మా ఇంట్లో అచ్చం ఇదే గొడవ. ఇంకో ఏడాది ట్రైనింగ్ ఇప్పిద్దామని నాన్న, ఇక చాలు ఇంట్లోనే ఉంటాడులే అని అమ్మ. మా తమ్ముడికి అప్పుడు 22, మీ అబ్బాయి ఈడే. ఆటిజం, దాంతోపాటు కొద్దిగా మేధో వైకల్యం. ఓపెన్ స్కూల్లో పదో తరగతి గట్టెక్కాడు.

నన్నడిగితే ఇప్పుడే ట్రైనింగ్ సెంటర్‌కీ పంపకండి, కొత్త ఉద్యోగమూ వెతక్కండి. ముందు ఆ బట్టల షాపుకి వెళ్ళి అసలేం జరిగిందో అడగండి. "మీ వాడికి చేతకాదమ్మా" అంటారు. ఆ మాట విని వెనక్కి రావద్దు. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరున్నప్పుడు జరిగిందో అడగండి.

మా వాడి మొదటి ఉద్యోగం ఒక సూపర్ మార్కెట్‌లో, సరుకులు అరల్లో సర్దడం. ఆరు వారాలు చేశాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. డేటు దగ్గరపడ్డ ప్యాకెట్లు ముందుకి, కొత్తవి వెనక్కి, లేబుళ్ళన్నీ ఒకే వైపుకి. మరి ఎందుకు తీసేశారు? మేనేజర్ నోట రాబట్టడానికి ఆయనతో రెండుసార్లు టీ తాగాల్సొచ్చింది. పెరుగు తీసుకుంటున్న ఒకావిడతో "రేపటితో డేటైపోతుంది, కొనకండి" అన్నాడట. ఇంకో రోజు సూపర్‌వైజర్ "ఈ కౌంటర్ కాస్త చూసుకో" అని పక్కకెళ్తే, మా వాడు అరగంట పాటు కౌంటర్‌నే చూస్తూ నిలబడ్డాడు. ఎదురుగా క్యూ పెరిగిపోతోంది. "పనయ్యాక ఓసారి కనబడు" అన్నారొకసారి. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి, కనబడి, ఇంటికొచ్చేశాడు.

ఇవి ఇప్పుడు తల్చుకుని మేమూ నవ్వుకుంటాం. చివరిది మాత్రం నవ్వే సంగతి కాదు. సాయంత్రం రద్దీలో బిల్లింగ్ మెషీన్లన్నీ కలిసి చేసే బీప్ బీప్ చప్పుడు వాడు తట్టుకోలేడు. ఆ సంగతి మాకు తెలుసు, వాళ్ళకి చెప్పలేదు. ఆటిజం అంటే ఉద్యోగం ఇవ్వరేమోనని "కొంచెం నెమ్మదస్తుడు" అని చెప్పి చేర్చాం. ఒక శనివారం చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకున్నాడు. కొనడానికొచ్చినవాళ్ళు బెదిరిపోయారు. మర్నాటి నుంచి రావద్దన్నారు. వాళ్ళమీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను గానీ, తప్పులో సగం మాదే.

చూశారా, ఇందులో ట్రైనింగ్ సెంటర్ నేర్పగలిగింది ఒక్కటీ లేదు. అంతకుముందు మా వాడు సెంటర్‌లో రెండేళ్ళు కాగితం కవర్లు మడిచాడు, దీపావళికి ప్రమిదలకి రంగులేశాడు. అక్కడ నేర్చుకున్నది ఇంకోచోట వాడుకోవడమే వీళ్ళకి కష్టం. టేబులు మారినా, చెప్పే గొంతు మారినా మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే అమెరికాలో 1980ల నుంచి ఈ పద్ధతిని తిరగేశారు: ముందు ఉద్యోగంలో పెట్టి, ఒక మనిషిని తోడిచ్చి, ఆ పనిని ఆ చోటే నేర్పడం. దీన్ని సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు, ఆ తోడుండే మనిషిని జాబ్ కోచ్ అంటారు. మన దగ్గర జాబ్ కోచ్ దొరికితే అదృష్టమే. మా ఇంట్లో ఆ పని అమ్మ మీద పడింది.

రెండో ఉద్యోగం మందుల హోల్‌సేల్ గోడౌన్‌లో. నాతో పనిచేసే ఒకాయన బాబాయిది. కస్టమర్లు రారు, బీప్‌లు లేవు. వచ్చిన పెట్టెల మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూసి షీటులో ఉన్నదానితో సరిపోయిందో లేదో టిక్ పెట్టాలి. సూపర్ మార్కెట్‌లో ఏ గుణం మా వాడిని వెళ్ళగొట్టించిందో అదే ఇక్కడ అక్కరకొచ్చింది. డేటైపోతున్న పెట్టె కనబడితే ఎవరడ్డొచ్చినా ఊరుకోడు. ఇంటర్వ్యూ వద్దని ముందే బతిమాలాం. ఎదురుగా కూర్చోబెట్టి "మీ గురించి చెప్పండి" అంటే మా వాడు బ్లడ్ గ్రూపు చెప్తాడు. "మూడు రోజులు పని చేయించి చూడండి" అన్నాం, ఒప్పుకున్నారు.

అక్కడ నాన్న ఒక పొరపాటు చేశారు. "జీతం ఇవ్వకపోయినా పర్లేదండీ, వాడికి కాలక్షేపం" అనేశారు. రెండు నెలలు మా వాడు స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. జీతం లేనివాడికి పని చెప్పాలని ఎవరికి మాత్రం గుర్తుంటుంది? తర్వాత నేను వెళ్ళి, కొత్తగా చేరే కుర్రాళ్ళకి ఎంతిస్తారో అంతే ఇవ్వండి, లేకపోతే తీసుకెళ్ళిపోతానన్నాను. ఆ మాట అనడానికి గుండె దిటవు చేసుకోవాల్సొచ్చింది. ఇచ్చారు. మర్నాటి నుంచి పనీ దొరికింది. మొదటి జీతంతో ఒకే రంగు, ఒకే కొలత నీలం చొక్కాలు నాలుగు కొనుక్కున్నాడు.

అమ్మ మూడు వారాలు వాడితోపాటు గోడౌన్‌కి వెళ్ళింది. పనిని పధ్నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి ఫోన్లో ఫోటో తీసి, ప్రింటు వేయించి గోడకి అంటించాం. వాడు ఎక్కడైనా ఆగితే అమ్మకి ఆగేది కాదు, చటుక్కున తనే చేసేసేది. ఒకరోజు వాడి పాత స్పెషల్ ఎడ్యుకేటర్ వచ్చి చూసి, "మీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండమ్మా, నోటితో కూడా చెప్పొద్దు, ఫోటో వైపు వేలు చూపించండి చాలు" అంది. రెండో వారం అమ్మ గేటు దగ్గర కూర్చుంది. మూడో వారం ఎదురుగా ఉన్న టీ కొట్లో. ఆ తర్వాత ఇంట్లో, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని. ఇలా కొద్దికొద్దిగా తప్పుకోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైన పని. మీకూ అంతే అవుతుంది.

అమ్మ తప్పుకునే లోపల అక్కడ మావాడికంటూ ఒక మనిషి కావాలి. యజమాని పనికిరాడు, ఆయన రోజూ ఉండడు. మాకు ప్యాకింగ్‌లో పనిచేసే ఒక పెద్దాయన దొరికాడు. మా వాడు ఆయన్ని అన్నా అంటాడు. టీ టైము "ఇంకాసేపట్లో" అనకుండా "పదకొండూ పదికి" అని చెప్పాలని ఆయనకి మేం నేర్పలేదు, రెండు రోజుల్లో ఆయనే కనిపెట్టాడు. యజమానిని పేరు పెట్టి పిలుస్తున్నాడని సార్ అనడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు వాచ్‌మన్నీ, టీ తెచ్చే కుర్రాణ్ణీ కూడా మా వాడు సారే అంటాడు.

బస్సు సంగతి మర్చిపోయాను. పనికన్నా ముందు దారి నేర్పండి. నిమజ్జనం రోజున బస్సుని వేరే దారిలో మళ్ళిస్తే మా వాడు తెలియని చోట దిగి మూడు గంటలు నిలబడిపోయాడు. అప్పటి నుంచి నిమజ్జనానికీ, లష్కర్ బోనాలకీ వాడికి సెలవు.

గవర్నమెంటు ఉద్యోగం గురించి అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని చేర్చుకుంది, రిజర్వేషన్‌ని 3 నుంచి 4 శాతం చేసింది, నిజమే. కానీ అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళందరూ పంచుకోవాలి. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) తప్పకుండా చేయించండి. వైకల్యం 40 శాతానికి తక్కువ ఉంటే రిజర్వేషన్ వర్తించదు. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి గానీ వాటికోసం అబ్బాయిని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. ప్రైవేటులో పెద్ద సంస్థకి వెళ్తే "మీ ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ ఒకసారి చూపిస్తారా" అని మర్యాదగా అడగండి. వికలాంగులకి సమాన అవకాశాలు ఎలా ఇస్తారో రాసిపెట్టుకునే విధానం అది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థకీ ఉండాలి. ఎలాంటి పని నప్పుతుందో తేల్చుకోవడానికి సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, ఓసారి తీసుకురండి.

ఆటిజం అనగానే ఎస్ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీల కథలు పంపే బంధువులు మీకూ ఉండే ఉంటారు. ఆ కంపెనీ 2013లో ఆటిజం ఉన్నవాళ్ళ కోసమే నియామకాలు మొదలెట్టింది, మంచిదే. మా వాడికి కూడికలు కూడా సరిగ్గా రావు. ఆ కథలు వాడికెందుకు?

చివరగా, కొత్త చోట ఆటిజం అని చెప్పాలా వద్దా అన్నారు. గోడౌన్‌లో యజమానికి, అన్నకి చెప్పాం, అక్కడితో ఆపేశాం. ఎనిమిది నెలలకి సూపర్‌వైజర్ మారాడు. మొహంలోకి చూడట్లేదు, పొగరని ఆయన ఫిర్యాదు. ఉద్యోగం పోయేంత పనైంది. అప్పుడు ఒక్క పేజీ రాసిచ్చాం: మొహంలోకి చూడకపోయినా వింటున్నట్టే. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి, సూటిగా చెప్పండి. మార్పు ఉంటే ముందురోజే చెప్పండి. అరవకండి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తీయమనకండి.

ఆ కాగితం ఇచ్చేముందు తమ్ముణ్ణే అడిగాను, నీ గురించి ఇదంతా సార్‌కి చెప్పొచ్చా అని. మొత్తం రెండుసార్లు చదివాడు. "చెప్పు. అమ్మ గేటు దగ్గర కూర్చునేదని మాత్రం చెప్పొద్దు" అన్నాడు.