ముందు తల కదలకుండా చూసుకో

బెంగళూరు

అమ్మాయీ,

ఆశీస్సులు. డిప్రెషన్ ఉన్నవాళ్ళ మెదడులో ఫంక్షనల్ కనెక్టివిటీ మీద నువ్వు రాసిన ప్రపోజల్ చదివాను. గ్రాఫ్ థియరీకి, మెషీన్ లెర్నింగ్‌కి కలిపి నాలుగు పేజీలు ఇచ్చి, ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకునే మనిషికి నాలుగు లైన్లు ఇచ్చావు. అది తిరగరాయాలి.

ముందు ఆ పదం సంగతి. రెండు చోట్ల సిగ్నల్ కాలంతోపాటు కలిసి పెరిగి కలిసి తగ్గితే దాన్ని ఫంక్షనల్ కనెక్టివిటీ అంటాం. ఎంత జతగా నడుస్తున్నాయో కోరిలేషన్ అనే అంకెతో కొలుస్తాం. మధ్యలో నరాల దారి ఉందో లేదో ఆ అంకె చెప్పదు. 1995లో భరత్ బిశ్వాల్ అనే పరిశోధకుడు, ఊరికే పడుకున్న మనుషుల్లో కుడి ఎడమ మోటార్ కార్టెక్స్‌లు (కదలికల్ని నడిపే మెదడు భాగాలు) 0.1 హెర్ట్జ్ కంటే నెమ్మదైన హెచ్చుతగ్గుల్లో జతగా నడుస్తాయని చూపించాడు. ఆయన చూసింది రక్తంలో ఆక్సిజన్ మీద ఆధారపడే సిగ్నల్. నువ్వు చూడబోయేదీ అదే. మెడలో రక్తనాళం సన్నబడి ఒక పక్కకి రక్తం ఆలస్యంగా చేరినా కోరిలేషన్ పడిపోతుంది, న్యూరాన్ల తప్పేమీ లేకపోయినా. అందుకే బీపీ, షుగర్, పక్షవాతం చరిత్ర ముందే రాసి పెట్టుకో.

ఇక తల కదలిక. 2012లో మూడు బృందాలు విడివిడిగా ఒకే మాట చెప్పాయి: తల మిల్లీమీటరులో పదోవంతు కదిలినా దగ్గరి ప్రాంతాల మధ్య కోరిలేషన్ పెరుగుతుంది, దూరపు ప్రాంతాల మధ్య తగ్గుతుంది. పిల్లల మెదడు ఎదుగుదల గురించి అప్పటిదాకా చెప్పుకున్నదాంట్లో కొంత ఈ కదలికే. రోగులు ఆరోగ్యవంతులకంటే ఎక్కువ కదులుతారు కాబట్టి, కదలికను సరిచేయకుండా లెక్క కడితే నీకు 'జబ్బు తేడా' ఒకటి తప్పకుండా దొరుకుతుంది. మురిసిపోకు.

కదలికను సాఫ్ట్‌వేర్‌లో తుడవడం కంటే గదిలో ఆపడం తేలిక. చెవుల పక్కన ఫోమ్ ముక్కలు బిగువుగా దూర్చు. మోకాళ్ళ కింద దిండు పెట్టు, నడుం నొప్పి పుడితే తల కూడా కదులుతుంది. నుదుటి మీదుగా కాయిల్ (తల చుట్టూ ఉండే స్కానర్ చట్రం) రెండు అంచులకీ మెడికల్ టేప్ అడ్డంగా అంటించు. పట్టి ఉంచడానికి కాదది, కదిలినప్పుడు చర్మం లాగి మనిషికి తెలియడానికి. స్కాన్ నడుస్తుండగా మైకులో "బాగానే ఉన్నారా?" అని అడగకు. మనవాళ్ళు నోటితో చెప్పేలోపే తల ఊపేస్తారు. ఆ ఒక్క ఊపుకి పది పన్నెండు సెకన్ల డేటా పోతుంది. ఏం అడగాలన్నా రెండు రన్‌ల మధ్యే, అంటే ఒక విడత స్కాన్ ఆగి ఇంకోటి మొదలయ్యేలోపే అడుగు.

మెట్టెలు, మొలతాడు, తాయెత్తు, జడపిన్నులు తీయించే పని అపాయింట్‌మెంట్ రోజుకి వదిలిపెట్టకు. ఏళ్ళ తరబడి తీయని మెట్టెలు సబ్బునీళ్ళతోగానీ రావు. కొంతమంది తీయడానికి ఒప్పుకోరు. ముందురోజే ఫోన్లో తెలుగులో చెప్పు.

నిద్ర ఇంకో చిక్కు. అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగిన రోగి పదింటికి స్కానర్‌లో పడుకుంటే ఏమవుతుంది? విశ్రాంతి స్కాన్లలో మూడోవంతు మంది మొదటి మూడు నిమిషాల్లోనే మెలకువ కోల్పోతారని 2014లో తేలింది. నీ కంట్రోల్స్, అంటే పోలికకి తీసుకునే ఆరోగ్యవంతులు, కాలేజీ పిల్లలై, ఇంట్లో హాయిగా పడుకుని వస్తే, నువ్వు కొలిచేది డిప్రెషన్‌ని కాదు, బస్సు ప్రయాణాన్ని. కళ్ళు తెరిచి ప్లస్ గుర్తు చూడమను. ఐ కెమెరా ఉంటే వాడు, లేకపోతే దిగగానే నిద్ర పట్టిందా అని అడిగి రాసుకో. ఫిల్టర్ కాఫీ కూడా మెదడుకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. అందరికీ ఒకే నియమం పెట్టు, ఎన్ని గంటల ముందు తాగారో రాయి. కంట్రోల్స్‌ని చివరి నెలలో గుంపుగా తీసుకోకు, రోగి తర్వాత కంట్రోల్ వచ్చేలా కలిపి వేయి.

టీఆర్ (మెదడంతా ఒకసారి తీయడానికి పట్టే సమయం) 2 సెకన్లయితే పది నిమిషాలకి 300 వాల్యూమ్‌లు, అంటే 300 ఫ్రేములు. అయస్కాంతీకరణ కుదురుకోవాలి కాబట్టి మొదటి నాలుగైదు తీసేయి. ఇరవై నిమిషాలు ఒక్కసారిగా కాకుండా పదేసి చొప్పున రెండు రన్‌లు చేయి. ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి తల ఎంత కదిలిందో చెప్పే ఫ్రేమ్‌వైజ్ డిస్‌ప్లేస్‌మెంట్‌కి 0.5 మిల్లీమీటర్ల గీత ఉదారమైనది, నేనైతే 0.2 అంటాను. అది దాటిన ఫ్రేములు తీసేశాక అయిదు నిమిషాలైనా మిగలకపోతే ఆ మనిషిని వదిలెయ్. బాధగానే ఉంటుంది.

ఒక పొరపాటు మటుకు కొత్తవాళ్ళందరూ చేస్తారు. సిగ్నల్‌ని 0.01 నుంచి 0.1 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ చేసి, కదలిక రిగ్రెసర్లను (సిగ్నల్ నుంచి కదలిక ప్రభావాన్ని తీసేయడానికి వాడే కొలతలు) మాత్రం ఫిల్టర్ చేయకుండా తర్వాత వాడతారు. తుడిచిన చెత్త మళ్ళీ లోపలికొస్తుంది. రెండింటికీ ఒకే ఫిల్టర్ వేయి. చెడ్డ ఫ్రేముల చోట ఫిల్టర్‌కి ముందే విలువలు పూరించు, లేకపోతే ఆ కుదుపు అటూఇటూ ఫ్రేములకి పాకుతుంది. గ్లోబల్ సిగ్నల్ (మెదడంతటి సగటు సిగ్నల్) తీయాలా వద్దా అన్న తగాదా ఎప్పటికీ తెగదు. తీస్తే కదలిక బాగా తగ్గుతుంది, కానీ లెక్క వల్లే కొన్ని కోరిలేషన్లు మైనస్‌లోకి పోతాయి. రెండు రకాలుగానూ చేసి రెండూ రాయి.

మెదడుని 400 ప్రాంతాలుగా విడగొట్టే అట్లాస్ తీసుకున్నావు. అంటే 79,800 జతలు. అసలు తేడా ఏమీ లేకపోయినా 5 శాతం గీత దగ్గర దాదాపు 3,990 జతలు 'తేడా ఉంది' అంటాయి. నీ చేతిలో 40 మంది రోగులు, 40 మంది కంట్రోల్స్. మెదడంతా వెతకకు, చూడబోయే రెండు మూడు నెట్‌వర్క్‌లు (జతగా నడిచే ప్రాంతాల గుంపులు) డేటా తెరవకముందే రాసి తేదీ వేసి పెట్టు.

మందుల సంగతి అన్నిటికంటే ముఖ్యం. డిప్రెషన్‌లో డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ (మనిషి ఊరికే ఉన్నప్పుడు చురుగ్గా ఉండే ప్రాంతాల గుంపు) కనెక్టివిటీ పెరుగుతుందని చిన్న స్టడీలు చాలానే చెప్పాయి. 2019లో చైనా బృందాలు 1,300 మంది రోగులనీ, 1,128 మంది కంట్రోల్స్‌నీ కలిపి చూస్తే, జబ్బు తిరగబెట్టిన వాళ్ళలో అది తగ్గి కనిపించింది. ఆ తగ్గుదల మందుల వాడకంతో ముడిపడి ఉంది, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్న దానితో కాదు. అందుకని మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఆ రోజు ఉదయం వేసుకున్నారా లేదా అన్నీ రాయి. చీటీ చూపించమను, నోటిమాట మీద రాసుకోకు.

మొదటి అయిదుగురి స్కాన్లు అయ్యాక ఒక్కొక్కరి కదలిక గ్రాఫ్ పంపు. కోరిలేషన్లు చూపించే రంగుల మ్యాట్రిక్స్‌లు ఇప్పుడే వద్దు.

మీ బాబాయి