బ్రహ్మకమలం కాయ కాయదెందుకు?

ప్రశ్న: మా డాబా మీద కుండీలో ఉన్న బ్రహ్మకమలం ఏటా వానాకాలంలో పూస్తుంది. పూసిన రాత్రి ఇరుగుపొరుగు వారంతా వచ్చి చూసి వెళతారు. తెల్లవారేసరికి పువ్వు వాడి వేలాడిపోతుంది. ఇంతవరకు ఒక్క కాయ కూడా కట్టలేదు. రాత్రిపూట పూయడమే ఇందుకు కారణమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రాత్రి పూయడం కొంతవరకు కారణమే గాని, అసలు కారణం వేరే ఉంది. మీ ఇంట్లో ఉన్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే ఒక కాక్టస్. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికం లేదు. మనం ఆకులనుకునేవి నిజానికి బల్లపరుపుగా మారిన కాండాలు. వాటి అంచున ఉండే నొక్కుల నుంచే మొగ్గ పుడుతుంది. ఈసారి అర్ధరాత్రి వేళ, పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక, దగ్గరగా చూడండి. లెక్కకు మించిన సన్నని కేసరాలు, వాటి నడుమ పుప్పొడిని అందుకునే, అనేక చీలికలుగా విడివడిన తెల్లని కొన (కీలాగ్రం), రేకుల వెనుక జానెడు పొడవున వంపు తిరిగిన గొట్టం కనిపిస్తాయి. మకరందం ఉండేది ఆ గొట్టం అడుగున. తేనెటీగకు అది అందదు. గాలిలో ఒకేచోట నిలిచి, గడియారపు స్ప్రింగులా చుట్టి ఉంచుకున్న తొండాన్ని సాచి తేనె తాగే హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట కోసం ఏర్పడిన పువ్వు ఇది. చీకట్లో దానికి దారి చూపేవి ఆ తెలుపు, ఆ పరిమళమే.

ఇక కాయ సంగతి. ఈ మొక్క పుప్పొడి అదే మొక్క పువ్వు కీలాగ్రం మీద పడితే సాధారణంగా విత్తనం కట్టదు. వేరే మొక్క పుప్పొడి కావాలి. మన ఊళ్లలో దీన్ని ఎవరూ విత్తనంతో పెంచరు, ఒక ముక్క తుంచి పక్కింటి వారికి ఇస్తారు, వారు మరొకరికి ఇస్తారు. అందువల్ల మీ వీధిలోని కుండీలన్నిటిలో ఉన్నది, జన్యుపరంగా చూస్తే, చాలావరకు ఒకే మొక్క. ఒక ఇంటి పువ్వు నుంచి మరో ఇంటి పువ్వుకు పుప్పొడి చేరినా ఫలితం ఉండకపోవడం ఇందుకే. దీనికి దగ్గరి బంధువైన డ్రాగన్ ఫ్రూట్‌లోనూ కొన్ని రకాలకు ఇదే ఇబ్బంది ఉన్నందున, రైతులు రాత్రివేళ కుంచెతో మరో రకం పుప్పొడిని అద్దుతారు.

హాక్‌మాత్‌లు మన దగ్గర లేకపోలేదు. నందివర్ధనం, గన్నేరు ఆకులు తింటూ, తోక దగ్గర చిన్న కొమ్ముతో, తల వెనుక రెండు నీలి మచ్చలతో కనిపించే లావుపాటి పచ్చని గొంగళిపురుగు వాటిలో ఒక జాతి పిల్లే. దాన్ని చూడగానే మందు కొట్టేవారిని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. నాలుగు ఆకులు పోయినా గన్నేరు మళ్లీ చిగురిస్తుంది. దీపాల వెలుగు మరో బెడద. స్విట్జర్లాండ్ పచ్చికబయళ్లలో దీపాలు పెట్టి పరిశీలించినప్పుడు, రాత్రిపూట పూలపై వాలే కీటకాల రాకపోకలు 62 శాతం తగ్గాయని 2017లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. కనుక పువ్వు విచ్చుకునే రాత్రి డాబా మీది దీపం ఆర్పివేయండి.

కాయ చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే, దూరపు ఊరి నుంచి, వీలైతే వేరే నర్సరీ నుంచి, ఇంకో మొక్క తెచ్చుకోండి. రెండూ ఒకే రాత్రి పూసినప్పుడు మెత్తని కుంచెతో ఒకదాని పుప్పొడిని రెండోదాని కీలాగ్రానికి అద్దండి. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి కాకపోతేనే ఈ ప్రయత్నం ఫలిస్తుంది.