వయసు చూసి పన్ను తగ్గించడం న్యాయమేనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఇంటి లోను కడుతున్నాను, బాబు చిన్నవాడు. రిటైరైన మా నాన్నగారిదీ నాదీ ఇంచుమించు ఒకే ఆదాయం. ఇద్దరం పాత పన్ను విధానంలోనే ఉన్నాం. ఆయనకు పన్ను తక్కువ, నాకు ఎక్కువ. ఇదేం న్యాయం?

జవాబు: మీ బాధ అర్థమైంది. ముందు ఆ తేడా ఎంతో చూద్దాం. భారత్‌లో పాత విధానం ప్రకారం 60 ఏళ్లలోపు వారికి 2.5 లక్షల వరకు, 60 నిండితే 3 లక్షల వరకు పన్ను లేదు. ఆదాయం 5 లక్షలు దాటిన ఇద్దరిని పక్కపక్కన పెడితే, ఈ ఒక్క కారణంగా వచ్చే తేడా 2,500 రూపాయలు, పైన సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను). అంతే. 80 నిండినవారికైతే ఈ తేడా 12,500. మిగతాదంతా డిపాజిట్ల వడ్డీ మీద, హెల్త్ ఇన్సూరెన్స్ మీద పెద్దవాళ్లకిచ్చే అదనపు మినహాయింపుల వల్ల వస్తుంది. మినహాయింపులు తక్కువ, రేట్లు తక్కువ ఉండే కొత్త విధానంలో శ్లాబులకు (ఎంత ఆదాయానికి ఎంత శాతం పన్ను అన్న మెట్లకు) వయసుతో పనే లేదు.

పోలండ్‌లో వరస తిరగబడింది: 2019 నుంచి 26 ఏళ్లలోపు వారి జీతానికి ఒక పరిమితి దాకా పన్ను లేదు.

నా మటుకు నాకు, పుట్టినతేదీ కంటే మోస్తున్న బరువు చూసి తగ్గించడమే సబబు. నాలుగిళ్ల అద్దెలు వచ్చే డెబ్బై ఏళ్లాయనకు రాయితీ దేనికి? అయినా మీ నాన్నగారి వైపు నుంచి ఒకటి చూడండి. మీ జీతం ఏటా ఎంతో కొంత పెరుగుతుంది. ఆయన డిపాజిట్ రెన్యువల్‌కు వచ్చిన రోజు వడ్డీ రేటు తగ్గి ఉంటే, ఆ నెల నుంచే ఇంటి ఖర్చు తగ్గించుకోవాలి. ఒకసారి ఆస్పత్రిలో చేరితే డిపాజిట్ బ్రేక్ చేయాలి. పోయిన ఆ డబ్బును మళ్లీ సంపాదించే దారి ఆయనకు లేదు. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది టెన్షన్ పన్ను గురించి కాదు, దీని గురించే.

ఇక మీ సంగతి. ఆయన వయసు మీకూ కలిసొస్తుంది. ఆయన హెల్త్ పాలసీ ప్రీమియం మీరు కడితే, పాత విధానంలో 50,000 వరకు మీ ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఆయనకు 60 నిండకపోతే 25,000 వరకే. ప్రీమియం మాత్రం ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో కట్టండి, నగదుగా కడితే ఆ మినహాయింపు రాదు. రిటర్ను వేసేముందు ఇద్దరికీ రెండు విధానాల్లోనూ విడివిడిగా లెక్క వేయించండి. ఆయనకు పాతదీ మీకు కొత్తదీ లాభమైతే, ఎవరిది వారు ఎంచుకోవచ్చు.