మడమకు సూది గుచ్చే వేళ అమ్మ చేయగలిగినవి

31 వారాలకే పుట్టిన మీ పాపకు రోజూ మడమ గుచ్చి రక్తం తీస్తున్నారని, మందులు లేకుండా ఆ నొప్పి తగ్గించే దారి ఉందా అని అడిగారు. ఉందమ్మా. అందులో చాలావరకు మీరే చేయగలరు.

మా బాబు 30 వారాలకు పుట్టాడు, 1,250 గ్రాములు. మొదటి వారం సూది గుచ్చినా ఏడ్చేవాడు కాదు. నొప్పి తెలియడం లేదేమోనని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు పక్కనే నిలబడి చూశాను. సూది దిగగానే కనుబొమల మధ్య ముడి పడింది, కళ్లు బిగుసుకున్నాయి, చేతివేళ్లు అయిదూ విచ్చుకున్నాయి. నోరు తెరిచాడు, గొంతు రాలేదు. ఏడవడానికీ బలం కావాలని అప్పుడు తెలిసింది. పసికందులకు నొప్పి తెలియదని ఒకప్పుడు వైద్యులే చాలామంది అనుకునేవారు. కె.జె.ఎస్. ఆనంద్ అనే వైద్యుడు 1987లో ప్రచురించిన పరిశోధనల తర్వాతే ఆ నమ్మకం కదిలింది.

ఆ రోజు నర్సమ్మ నా చేతులు పట్టుకుని నేర్పింది. చేతులు కడుక్కుని, వెచ్చబడ్డాక, ఒక అరచేతిని బిడ్డ తల మీద బోర్లించాలి. రెండో చేత్తో కాళ్లను పొట్టవైపు మెల్లగా ముడిచి, చేతులు నోటి దగ్గరకు వచ్చేలా పట్టుకోవాలి, కడుపులో ముడుచుకుని ఉన్నట్టు. గుచ్చే కాలు మాత్రం ఆమెకు వదిలేయాలి. నేను అలవాటుగా నిమరబోతే ఆపింది. ఇంత చిన్న బిడ్డలకు నిమరడం, తట్టడం చికాకు. కదలని చేయే హాయి. సూది తీశాక కూడా గుండె వేగం నెమ్మదించేదాకా చేయి తీయకూడదు.

డాక్టరు ఒప్పుకుంటే, సూదికి రెండు నిమిషాల ముందు మీ పిండిన పాలు ఒకటి రెండు చుక్కలు నాలుక మీద వేసి, చప్పరించడానికి ఉత్త పీక ఇవ్వవచ్చు. పంచదార ద్రావణం కూడా పనిచేస్తుంది, కానీ దాన్ని కొలత ప్రకారం ఆసుపత్రివాళ్లే ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లు తేనె నాకించమంటే వినకండి, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది కంగారూ పద్ధతి. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు (బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెలు) సరిపోని ఆసుపత్రిలో మొదలైంది. డైపరుతో మాత్రమే ఉన్న బిడ్డను వట్టి ఛాతీకి ఆనించి, పైన దుప్పటి కప్పుకోవడమే. పావుగంట ముందే పడుకోబెట్టుకుంటే, సూది వేళకు బిడ్డ కుదుటపడి ఉంటుంది. మా బాబు మొదటిసారి నా ఛాతీ మీద ఉన్నప్పుడు గుచ్చితే, మొహం చిట్లించి, ఒక్క మూలుగు మూలిగి, మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. నేను వెళ్లలేని రోజుల్లో మావారు పడుకోబెట్టుకునేవారు. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన.

ఇవన్నీ చిన్న సూదులకే. ఆపరేషన్ లాంటి పెద్ద వాటికి నొప్పి మందు కావాల్సిందే, అప్పుడు ఏమిస్తున్నారో మొహమాటపడకుండా అడగండి. రేపు డాక్టరు రౌండ్‌కు వచ్చినప్పుడు రక్తం తీసేది ఏ వేళకో కనుక్కోండి. రెండు మూడు పరీక్షలు ఒకే గుచ్చుతో కానివ్వగలరా అని కూడా అడగండి. ఆ వేళకు పావుగంట ముందే, ముందువైపు గుండీలున్న జాకెట్టు వేసుకుని వెళ్లండి.