ర్యామ్ ఖాళీ చేస్తే సర్వర్ వేగం పెరగదు

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్ల పని నేనొక్కడినే చూస్తాను. విద్యార్థుల పోర్టల్, దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకే మెషీన్‌లో ఉన్నాయి. 32 జీబీ ర్యామ్, 8 కోర్లు, మామూలు హార్డ్ డిస్కులు, లినక్స్‌లో ఒక రకమైన సెంట్‌ఓఎస్ 7. ర్యామ్ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొడితే 400 ఎంబీ కూడా ఖాళీ కనిపించడం లేదని గంటకోసారి క్యాష్ (ర్యామ్‌లో దాచుకున్న ఫైళ్లు) ఖాళీ చేసేలా క్రాన్ (టైమ్ ప్రకారం తనంతట తానే నడిచే పని) పెట్టాను. నెట్‌లో దొరికిన సిస్‌సీటీఎల్ సెట్టింగులు (లినక్స్ లోపలి తీరు మార్చేవి) ఓ 40 లైన్లు ఎక్కించాను. అయినా లోడ్ యావరేజ్ 14 దాటుతోంది, సీపీయూ మాత్రం చాలావరకు ఖాళీగానే ఉంటోంది. పైగా మొబైల్ డేటా వాడే పిల్లల్లో కొందరికి పోర్టల్ ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. రిజల్ట్స్ దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ర్యామ్ 64 చేయించమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ క్రాన్ తీసేయండి. ఈ జవాబు మిగతాది ఆ తర్వాత చదవొచ్చు.

లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ని ఊరికే ఉంచదు, డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. ఏదైనా ప్రోగ్రామ్‌కి మెమరీ కావాలంటే ఆ దాచుకున్నది వెంటనే వదిలేస్తుంది. అందుకే ఫ్రీ కమాండ్‌లో మీరు చూడాల్సింది 'ఫ్రీ' అన్న కాలమ్ కాదు, చివర్లో ఉండే 'అవైలబుల్' కాలమ్. అక్కడ 20 జీబీ కనిపిస్తుంటే మీకు మెమరీ సమస్య లేనట్టే. మీరు చేస్తున్నది ఎలా ఉందంటే, వంటకి కావాల్సిన డబ్బాలన్నీ గట్టు మీద అందుబాటులో ఉంటే, గట్టు ఖాళీగా లేదని గంటకోసారి అన్నీ అటకెక్కించినట్టు ఉంది. పోస్ట్‌గ్రెస్‌కి ఇది మరీ దెబ్బ, ఎందుకంటే దాని సొంత షేర్డ్ బఫర్స్ (డేటా దాచుకోవడానికి అది తీసుకునే మెమరీ) మార్చకుండా వదిలేస్తే 128 ఎంబీ మాత్రమే, మిగతా అంతా లినక్స్ దాచుకునే ఈ పేజ్ క్యాష్ మీదే నడుస్తుంది. మీరు తుడిచేయగానే ప్రతి క్వెరీ డిస్క్ దగ్గరికి పరిగెత్తాలి, హార్డ్ డిస్క్ అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్నవి చదవాలంటే సెకనుకు ఓ 100, 150 మించి చదవలేదు.

మీ 14 లోడ్ కూడా ఇక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. లినక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ కోసం ఎదురుచూసేవాళ్ల లెక్క ఒక్కటే కాదు, డిస్క్ జవాబు కోసం ఆగిపోయిన ప్రాసెస్‌లు కూడా అందులోకి వస్తాయి. పోర్టల్ నిదానంగా ఉన్న సమయంలోనే మెషీన్ పరిస్థితి సెకనుకోసారి చూపే వీఎంస్టాట్ 1 అని కొట్టి ఓ రెండు నిమిషాలు చూడండి. మొదటి లైన్ వదిలేయండి, అది మెషీన్ ఆన్ అయినప్పటి నుంచి సగటు. తర్వాతి లైన్లలో 'బీ' (ఆగిపోయిన ప్రాసెస్‌లు), 'డబ్ల్యూఏ' (డిస్క్ కోసం ఎదురుచూపు) కాలమ్‌లు పెద్దవిగా ఉంటే కారణం డిస్కే. 'ఎస్ఐ', 'ఎస్ఓ' రెండూ సున్నా ఉంటే స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకోవడం) జరగడం లేదన్నమాట, అప్పుడు దాని మొగ్గు మార్చే స్వాపీనెస్‌ని 60 నుంచి 10 చేసినా మీకు ఒరిగేదేమీ లేదు.

ఇక ఆ 40 లైన్లు. అందులో టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ అనేది 1 అని ఉందేమో వెతకండి, మీరు చెప్పిన లక్షణాలు అచ్చం దానివే. అది ఆన్‌లో ఉంటే సర్వర్ ఒక్కో ఐపీ నుంచి చివరిగా వచ్చిన టైమ్‌స్టాంప్ (కనెక్షన్‌తో పాటు వచ్చే సమయం గుర్తు) గుర్తుపెట్టుకుని, కాసేపట్లో అదే ఐపీ నుంచి దానికంటే పాత టైమ్‌స్టాంప్‌తో కొత్త కనెక్షన్ వస్తే చప్పుడు చేయకుండా పారేస్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, ఒక్కో ఫోన్ టైమ్‌స్టాంప్ ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఒకరు తెరిస్తే పక్కవాళ్లకి ఆగిపోతుంది. నేను పనిచేసిన ఒకచోట ఇదే జరిగితే రెండు రోజులు ఫైర్‌వాల్‌ని అనుమానిస్తూ కూర్చున్నాం. ఆ బాధ మీకు వద్దు. 2017లో లినక్స్ కెర్నల్ (దాని అసలు భాగం) 4.12 నుంచి ఆ సెట్టింగ్‌ని పూర్తిగా తీసేశారు, కానీ సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 3.10, అది ఇప్పటికీ ఒప్పుకుంటుంది. ఫైల్లో లైన్ తీసేస్తే సరిపోదు, నడుస్తున్న విలువ అలాగే ఉండిపోతుంది, 0 పెట్టి మళ్లీ లోడ్ చేయండి. మిగతా లైన్లలో కూడా ఇది ఎందుకు పెట్టానో మీరు చెప్పలేని ప్రతిదీ పాత విలువకి తెచ్చేయండి.

ఆ తర్వాత ఒక్కటే మార్పు: షేర్డ్ బఫర్స్ 8 జీబీ, అంటే ర్యామ్‌లో నాలుగో వంతు. పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ కావాలి, రాత్రి పూట చేయండి. వర్క్ మెమ్ (సార్టింగ్ లాంటి పనులకి ఇచ్చే మెమరీ) జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి, అది మొత్తం సర్వర్‌కి కాదు, ప్రతి కనెక్షన్‌లో ప్రతి సార్టింగ్‌కి విడివిడిగా పడుతుంది, 256 ఎంబీ పెట్టి 100 మంది ఒకేసారి వస్తే ఏమవుతుందో లెక్కేసుకోండి. ఒక్కో మార్పుకి ముందు రోజు, తర్వాత రోజు అదే గంటలో వీఎంస్టాట్ అంకెలు రాసిపెట్టుకోండి.

64 జీబీ ఇప్పుడే వద్దు. కాలేజీ డబ్బు ఇస్తానంటే ముందు డేటాబేస్‌కి ఎస్ఎస్‌డీ అడగండి. సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, దాన్ని మార్చాల్సిందే, కానీ రిజల్ట్స్ అయ్యాకే.

ప్రశ్న: తెరిచే ఫైళ్ల పరిమితి పెట్టే లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో 65536 పెట్టినా మా జావా సర్వీస్ 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అంటూ ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ ఫైల్ పనిచేసేది మనుషులు లాగిన్ అయినప్పుడండీ. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ లేపేవి ఆ దారిలో రావు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ సర్వీస్‌కి లిమిట్ నోఫైల్ (ఎన్ని ఫైళ్లు తెరవొచ్చో) విలువ ఇచ్చి రీస్టార్ట్ చేయండి, తర్వాత ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో లిమిట్స్ అనే ఫైల్ తెరిస్తే నిజంగా ఎంత వచ్చిందో కనిపిస్తుంది. అదే ఫోల్డర్‌లో ఎఫ్‌డీ (తెరిచి ఉన్న ఫైళ్లు, కనెక్షన్ల జాబితా) లోపల ఎన్ని ఉన్నాయో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం లెక్కపెట్టండి. వాడేవాళ్లు తగ్గినా ఆ లెక్క తగ్గకుండా పెరుగుతూనే ఉంటే కోడ్‌లో ఎక్కడో కనెక్షన్లు మూయడం మర్చిపోతున్నారు, ఆ మూడు అంకెలూ తీసుకెళ్లి డెవలపర్లకి చూపించండి.