తెల్ల కారు మీద తుప్పు చుక్కలు

ప్రశ్న: మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. తెల్ల కారు బానెట్, డిక్కీ తలుపు మీద సన్నటి నారింజ చుక్కలు వస్తున్నాయి. షాంపూతో ఎంత కడిగినా పోవడం లేదు. రేకు తుప్పు పడుతోందా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: చాలామటుకు కాదండి. రైలు చక్రాలు, బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను పెయింటు పై పొరలో గుచ్చుకుని, తేమ తగిలి తుప్పు పడుతుంది. నల్ల కారుకీ ఇదే బాధ, కాకపోతే కనబడదు. కడిగిన బండి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగిన చేత్తో నిమరండి, గరుకు తెలుస్తుంది. చుక్క దగ్గర పెయింటు ఉబ్బినా, పెచ్చు లేచినా అది అసలు తుప్పు. షెడ్డుకి తీసుకెళ్లాల్సిందే.

రజనుకైతే యాసిడ్ లేని ఐరన్ రిమూవర్ (ఇనుప రజనును కరిగించే స్ప్రే) చాలు. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, గ్లవ్స్ వేసుకుని కొట్టండి. చుక్కలు ఊదారంగులోకి తిరిగి కారతాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, కంగారొద్దు. మూడు నాలుగు నిమిషాలాగి, ఆరిపోకముందే నీళ్లతో బాగా కడగాలి. ఆరనిస్తే మరకలు పడతాయి. మిగిలినవాటికి క్లే బార్ (పెయింటులో గుచ్చుకున్న రజనును లాగేసే మెత్తటి బంకముద్ద): షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ఒత్తకుండా, అడుగు మేర చొప్పున తిప్పండి. క్లే కింద పడితే పారేయండి, ఇసుక రేణువొక్కటి చాలు గీతలకి. బాత్రూం యాసిడ్, గిన్నెల పీచు జోలికి మాత్రం వెళ్లొద్దు.

క్లే తర్వాత వ్యాక్స్ తప్పనిసరి, మూడు నెలలకోసారి మళ్లీ వేయాలి. వారానికోసారి కడగండి. పట్టాల పక్కన రజను రాకుండా ఆపలేం గానీ, వ్యాక్స్ ఉంటే అంత గట్టిగా పట్టుకోదు. దుమ్ము బండి మీద కవరు కప్పితే గీతలే మిగులుతాయి.