సైకిల్‌కి ఏ లైట్లు కొనాలి?

ప్రశ్న: ఆఫీసు నుంచి సైకిల్ మీద వచ్చేసరికి చీకటి పడుతోంది. తక్కువ ఖర్చులో ఎలాంటి లైట్లు తీసుకోవాలి?

జవాబు: ముందు తెల్లది, వెనక ఎర్రది, రెండూ కావాలి. వెనకదాన్ని మాత్రం అస్సలు వాయిదా వేయకండి, అటు నుంచి వచ్చే బండి మనకు కనబడదు కదా! వీధిదీపాలున్న దారికి ముందు లైటు 100 ల్యూమెన్లున్నా (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) సరిపోతుంది. దారి చీకటిగా ఉంటే 300, 400 కావాలి. యూఎస్‌బీ ఛార్జింగ్‌ది తీసుకుంటే బ్యాటరీలు కొనే పని తప్పుతుంది.

డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉందో లేదో చూడండి, అంటే నీటి తుంపర్లను తట్టుకుంటుందని. నా మొదటి లైటు వానలో ఆరిపోయింది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కలేదు, నీళ్లు లోపలికి పోయాయి. ఇప్పుడు బయలుదేరే ముందు బొటనవేలితో ఒకసారి నొక్కి చూసుకుంటాను. ముందు లైటును కాస్త కిందికి వంచండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడకూడదు.